సగంలో కోసిన దుప్పటి

మొన్న మా మనవడి కారు హనుమకొండ నుంచి వస్తుంటే దారిలో ఆగిపోయింది. వాడు కిందికి దిగనైనా దిగలేదు. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. కాసేపటికి టోపీ పెట్టుకున్న మెకానిక్ ఒకడు వచ్చి, మూత ఎత్తి, ఏదో బిగించి, సంతకం చేయించుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగా చూసుకున్నట్టు కూడా లేదు. వెనక సీట్లో కూర్చున్న నాకు ముచ్చటేసింది. వెక్కిరింపు కాదు, నిజంగానే ముచ్చటేసింది. మా రోజుల్లో ఇలాంటి ఏర్పాటు ఉంటే నా జుట్టు అంత తొందరగా నెరిసేది కాదు.

"తాతా, నువ్వు డ్రైవరీ చేసేటప్పుడు మోటరు ఆగితే ఎవరిని పిలిచేటోనివి?" అని అడిగాడు మనవడు.

"ఎవరు కనవడితే వాళ్లను" అన్నాను.

వాడు నవ్వాడు. నవ్వితే నవ్వాడు గాని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరి పేర్లు నాకు అప్పుడే తెలియవు. తెలిసినవాళ్ల మనవళ్లేమో ఇప్పుడు నా మీదికి తగాదాకు వస్తారు.

నలభైలలో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, వరంగల్ స్టేషను దగ్గర ఒక సేటుగారి కిరాయి కారు నడిపేవాణ్ణి. పెట్రోలంతా యుద్ధానికి పోతోందని మాకు సీసాల్లో కొలిచి ఇచ్చేవారు. అందుకని మోటార్లను బొగ్గు మీద నడిపేవాళ్లం. నమ్మరేమో! కారు వెనక పొడుగాటి ఇనప పొయ్యి ఒకటి బిగించేవారు. అందులో కట్టెబొగ్గు రాజేస్తే పుట్టే గ్యాసు, గొట్టం గుండా పక్కనున్న డబ్బాలోకి పోతుంది. డబ్బాలో తీగల చట్రం చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి ఉంటుంది. మసీ బూడిదా ఆ గుడ్డ దగ్గర ఆగిపోతే, శుభ్రమైన గ్యాసు ఇంజనులోకి పోతుంది. ముందు గుక్కెడు పెట్రోలుతో ఇంజను లేపి, తర్వాత గ్యాసుకు మార్చాలి. పొయ్యి రాజుకునేదాకా చేతి పంకా తిప్పి తిప్పి భుజాలు పడిపోయేవి. ఎత్తు వస్తే ప్యాసింజర్లు దిగి తోసేవారు. కిరాయి ఇచ్చి మరీ తోసేవారు, పాపం.

మా వర్క్‌షాపు మిస్త్రీకి నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆయన రోజూ చెప్పే మాట ఒక్కటే.

"ఏమన్న జెయ్యిండ్రి. వేడి మీద మాత్రం ఆ డబ్బ మూత తియ్యకుండ్రి. గాలి తగిలిందంటే మసి భగ్గుమంటది. గుడ్డ కాలిందా, మీ మోటరు రోడ్డు మీద పడ్డట్టే."

ఇంకో గుడ్డ ఇప్పించి దగ్గర పెట్టుకోనిమ్మని సేటును అడిగితే, "గుడ్డ దొరికితే ముందుగాల నేను లాగు కుట్టించుకుంట" అన్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆ రోజుల్లో గుడ్డ కరువు అంతగా ఉండేది. నూలు కూడా ఎవరికో దయ కలిగితేనే దొరికేది.

ఇక నా క్లీనరు. అతను మా నాయన ఈడువాడు, నేను మామా అని పిలిచేవాణ్ణి. అంతకు ముందు నర్సంపేట దారిలో ఎడ్లబండి తోలేవాడు. మోటార్లు వచ్చి బండి కిరాయిలు పోయాయి. కోపం రావలసింది పోయి, వచ్చి మోటారులోనే చేరాడు. కారంటే అతని దృష్టిలో కాళ్లు లేని ఎడ్లజత. మేం ఎక్కడ ఆగినా దిగి "హో... హో..." అంటూ బానెట్టు నిమిరేవాడు. మూతల కట్లన్నీ వదులు చేసేవాడు. బండి ఆపగానే కాడి దించి ఎడ్లను వదిలే అలవాటు అతనిది. ఆగిన జీవాన్ని బిగించి ఉంచడం పాపమని అతని లెక్క.

"మామా, ఇది ఎద్దు కాదే!" అంటే, "నాకెరుక లేదా బిడ్డా! ఎద్దయితే ఇన్ని మాటలనిపించుకుంటదా?" అనేవాడు.

అది మంచి ఎండాకాలం. ఎవరో పెళ్లివాళ్లను పొద్దున్నే తొర్రూరులో దించి ఖాళీగా తిరిగి వస్తున్నాం. ఊరు దాటగానే ఒక మొగుడూ పెళ్లాం రోడ్డుకు అడ్డంగా నిలబడి చేతులు ఊపారు. కూలీనాలీ చేసుకునే మనుషులు. ఆమె భుజం మీద రెండేళ్ల పిల్లవాడు ఉన్నాడు. వాడు ఊపిరి తీసినప్పుడల్లా గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది.

"చింతపండు ఒలుస్తాన్న అన్నా. గింజ నోట్లె ఏసుకున్నడు. అడ్డం పడ్డది" అంది ఆమె. "మా ఊరి వైద్యుడు తనతోని కాదన్నడు. వరంగల్ పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నడు. నీ కాల్మొక్త, జర ఎక్కిచ్చుకో."

కాళ్లు మొక్కించుకునే సమయం కాదది. ఎక్కండి అన్నాను. మామ వెనక పొయ్యి పక్కన నిలబడ్డాడు. నేను ఎంత తొక్కితే ఆ బొగ్గు బండి అంత పరుగెత్తింది. అంటే మరీ గొప్పగా ఏం కాదు. వెనక సీట్లోంచి ఆ ఈల చప్పుడు మాత్రం క్షణం ఆగలేదు. చప్పుడు వస్తున్నంతసేపూ భయమే, కాస్త తగ్గితే మరీ భయం.

సగం దారి కూడా రాకముందే రేడియేటరు మరిగిపోయింది. వర్ధన్నపేట ఇంకా దూరం. రోడ్డు పక్కన మోటబావి ఒకటి కనిపిస్తే ఆపి, నీళ్ల డబ్బా తీసుకుని పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి కారు పక్కనుంచి పొగ లేస్తోంది. మామ వడపోత డబ్బా మూత చేతిలో పట్టుకుని కొయ్యబారి నిలబడ్డాడు. లోపల గుడ్డ మంట అంటుకుని, నేను మట్టి చల్లేలోపే చేటంత బొక్క పడింది. మిగిలింది ముట్టుకుంటే రాలిపోతోంది.

నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చింది. తండ్రి వయసువాడన్న సంగతి మరిచిపోయి నోటికి వచ్చినట్టు తిట్టాను.

"ఆ పోరని ఊపిరి ఇనుకుంట ఇనుకుంట వచ్చిన బిడ్డా. దీనికి గూడ ఊపిరాడుతలేదనిపిచ్చింది. చెయ్యి ఎట్ల పోయిందో నాకే తెల్వది" అన్నాడు మామ.

పిల్లవాడి తల్లి కారులోంచి గట్టిగా అంది: "తిట్టుడు రేపు తిట్టుకో అన్నా! ఇయ్యాల ముందుగాల పోరన్ని సూడు."

ఆ మాటతో నాకు బుద్ధి వచ్చింది. గుడ్డ లేకుండా నడిపితే బూడిద నేరుగా ఇంజనులోకి పోయి, ఊరు కనబడకముందే పట్టేస్తుంది. ఆ సంగతి ఇంకో కారు మీద కళ్లారా చూశాను. మామ రుమాలు, నా ధోవతి, అన్నీ అరిగి జల్లెడలైన గుడ్డలే, మసిని ఆపవు. పెట్రోలు సీసాలో ఒక్కసారి ఇంజను లేపడానికి సరిపడా మాత్రమే ఉంది. కాబట్టి ఏదో ఒకటి చుట్టి చూద్దామనుకునే వీలు కూడా లేదు.

సరిగ్గా అప్పుడు ఒక రైతు చేనికి పెంట తోలుతూ బండితో వచ్చాడు. ఆగి, కారు వైపు చూశాడు, పిల్లవాడి వైపు చూశాడు. ఎవరు, ఏ ఊరు అని అడగలేదు. కాడి ఎత్తి బండిలో ఉన్న పెంటంతా రోడ్డు పక్కన అక్కడికక్కడే కుమ్మరించాడు. తలగుడ్డ విప్పి బండి తుడిచాడు.

"బండి మీద పొండ్రి. నిలవడి ఏం జేస్తరు?" అన్నాడు.

నాకు ఎటూ పాలుపోలేదు. ఎడ్లబండి నమ్మకమైనదే, కాని వరంగల్ చేరేసరికి పొద్దుగూకుతుంది. అప్పటిదాకా ఆ ఊపిరి నిలుస్తుందా? కారు బాగైతే తొందరగా పోతుంది, కాని బాగవుతుందన్న నమ్మకం లేదు. పిల్లవాణ్ణి ఏ బండిలో ఉంచాలో తేల్చమని ఆ తల్లి నా మొహంలోకి చూస్తోంది. అలాంటి చూపు మీ మీద పడే రోజు మీ ఉద్యోగంలో రాకూడదని కోరుకుంటాను.

మామే తేల్చాడు. "రెండూ చేద్దాం. నేను బండి తోలుకుంట ముందట పోతాంట. నువ్వు మోటరు బాగైతే ఎనుక నుంచి వచ్చి అందుకో. కాకపోతే నేను ఆగ."

రైతు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఎడ్లను కొడుతవా?"

"కొట్ట. నా బతుకంత ఎడ్ల ఎంబడే. ఒక్కనాడు కొట్టలే."

"అయితే పో. తెల్లదానికి ఎడమ పక్క జర బెదురు, సూసి తోలు."

అంతే. ముక్కూ మొహం తెలియని మనిషికి తన ఎడ్లజతను అప్పజెప్పాడు. రైతుకు ఎడ్లంటే ఏమిటో మీలో ఎంతమందికి తెలుసో గాని, నేను మాత్రం నా కారు తాళం చెవి అలా ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. తల్లి పిల్లవాణ్ణి భుజాన నిలబెట్టుకుని బండిలో కూర్చుంది, తండ్రి పక్కన నడిచాడు. మామ నాలుకతో ఏదో చప్పుడు చేశాడు. ఎడ్లు ఎప్పటినుంచో అతన్ని ఎరిగినట్టు కదిలాయి.

మందపాటి కొత్త గుడ్డ ఎక్కడ దొరుకుతుందని రైతును అడిగాను. తన భుజం మీది గొంగడి ఇవ్వబోయాడు. అది మరీ మందం, గ్యాసు లాగదు. "అట్లయితే మా ఊళ్లె మగ్గాలున్నయి, రా" అని పొలాలకు అడ్డంపడి దారి తీశాడు.

మొదటి ఇంట్లోనే మగ్గం చప్పుడు వినిపించింది. మగ్గం గుంటలో కూర్చుని ఒక నడివయసు మనిషి నేస్తున్నాడు. పక్కన అతని భార్య నూలు కండెలు చుడుతోంది. మగ్గం మీద ఉన్నది మందమైన ముతక దుప్పటి. నాకు కావలసింది అచ్చంగా అదే. ఆయాసపడుతూ సంగతంతా చెప్పాను. పోగు నేసే నాడె ఆపి విన్నాడు గాని, అతని చెయ్యి మాత్రం గుడ్డ మీదే ఉంది.

"తమ్మీ, ఇది ఇంక సగమే అయింది" అన్నాడు నెమ్మదిగా.

"సగమైనా సాలు అన్నా."

"నీకు సాలు. మా ఇండ్లల్ల మగ్గం మీది గుడ్డ సగంల కొయ్యరు. ఇంట్ల ఎవరన్న సచ్చిన్నాడే కోస్తరు."

అడగడానికి నాకేం హక్కు ఉంది? ఆ ఇంటిని కాస్త చూస్తే మిగతాదీ అర్థమైంది. గోడ వారన పక్కబట్టలని చెప్పదగ్గవి ఏమీ లేవు, నాలుగు అతుకుల బొంత తప్ప. ఎన్నేళ్లుగానో ఊరందరికీ నేసి ఇచ్చినవాళ్లు, ఎలాగో కాస్త నూలు మిగిల్చుకుని మొదటిసారి తమకోసం నేసుకుంటున్న దుప్పటి అది. ఆ మాట వాళ్లు చెప్పలేదు, పక్కింటి ముసలమ్మ గడపలోంచి అనేసింది.

భార్య కండె కింద పెట్టింది.

"పోరని గొంతుల ఊపిరుందా?" అని అడిగింది నన్ను.

"నేనొచ్చేదాంక ఉన్నదక్కా."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "సచ్చినంక కోసెటోళ్లం, సావకుండ కోస్తే తప్పేంది? కొయ్యి."

అతను భార్యను ఒకసారి చూశాడు. తర్వాత మగ్గానికి దండం పెట్టుకుని కత్తి తీశాడు. పరపరమని తెగిన ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. పడుగు పోగులు జారిపోకుండా ఆమె రెండు చేతులతో కొసలు పట్టుకుని ముడి వేసింది. అతను గుడ్డను నలిపి చూసి, "గంజి మీదున్నది. గంజితోని నీ గ్యాసు పారదేమో" అన్నాడు. నిజమే, అది అట్టలా బిరుసుగా ఉంది.

ఆమె గుడ్డను కుండలో ముంచి పిసికి, పిండి, వీధిలోకి పరుగెత్తింది. ఏమని కేక వేసిందో నాకు గుర్తులేదు. ఇళ్లల్లోంచి మనుషులు బిలబిలా వచ్చేశారు. సాలెవాళ్ల వీధుల్లో పడుగు సాగదీసేటప్పుడు ఈ కొసన కొందరు, ఆ కొసన కొందరు నిలబడతారు చూశారా, అలాగే ఆ గుడ్డ చుట్టూ నిలబడి లాగి పట్టుకున్నారు. ఎండ మండుతోంది. విసనకర్రలతో, చేటలతో, కొంగులతో విసిరారు. ఎవరి కోసమో, ఎందుకో సగంమందికి తెలియదు. పట్టుకోమంటే పట్టుకున్నారు. చూస్తుండగానే గుడ్డ మీద తడి విడిచి విడిచి తెల్లబడింది. నేను వాళ్ల మధ్య నిలబడి ఏడ్చాను. సిగ్గుపడవలసిందేమీ లేదు కాబట్టి రాస్తున్నాను.

తర్వాత అందరూ నాతో పాటే రోడ్డుకు వచ్చారు. నేతగాడే గుడ్డను చట్రం చుట్టూ తిప్పి దబ్బనంతో కుట్టాడు. నలుగురు మగవాళ్లు వంతులేసుకుని పంకా తిప్పారు. పొయ్యి ఎర్రబడింది. రేడియేటరులో నీళ్లు నింపి, సీసాలో ఉన్న పెట్రోలంతా పోశాను. హ్యాండిలు తిప్పే ముందు దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాను. నేను పిలిచిన దేవుళ్లలో కొందరు మా మతంవాళ్లు కూడా కాదు. ఇంజను లేచింది. గ్యాసుకు మార్చాను. ఒకసారి దగ్గింది, ఆగుతుందేమో అనిపించింది, మళ్లీ అందుకుంది. వీధి వీధంతా కేక పెట్టింది. రైతు ఎడ్ల కోసం పక్క మెట్టు మీదికి ఎక్కి తలుపును కౌగిలించుకున్నాడు. మోటారు ఎక్కడం అతనికి అదే మొదటిసారి.

బండి అంత దూరం పోయి ఉంటుందని నేను అనుకోలేదు. వర్ధన్నపేట దాటాక గాని కనిపించలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే మామ బండి మీద లేడు. తన బరువు ఎడ్లకు ఎందుకని దిగి, పగ్గం పట్టుకుని తెల్ల ఎద్దు పక్కన పరుగెత్తుతున్నాడు. ఆ మండే రోడ్డు మీద వట్టి కాళ్లతో! రెండో పక్క పిల్లవాడి తండ్రి పరుగెత్తుతున్నాడు. "హో... హో... నా తండ్రి, జర, ఇంక జర" అని మామ ఎడ్లను బతిమాలుతున్న మాట ఇంజను చప్పుడులో కూడా వినిపించింది.

పిల్లవాడి పెదవులు నీలం తిరిగాయి. ఈల సన్నబడింది. తల్లినీ తండ్రినీ ఎక్కించుకున్నాను. మామను రమ్మంటే రాలేదు.

"ఉరికిన ఎడ్లను ఉన్నపళంగ నిలవెడితే కాళ్లు పట్టుకుంటయి. ఈయనతోని కలిసి జర నడిపిచ్చి, సల్లార్చి వస్త. నువ్వు పో బిడ్డా, ఆగకు" అన్నాడు. అప్పుడు చూశాను, అతని అరికాళ్లు బొబ్బలెక్కాయి. పొద్దున నేను తిట్టింది ఆ మనిషినే. కారు కదిలించాను.

దవాఖానలో నన్ను చూసి నర్సమ్మ, "బొగ్గుల బస్తా వెనక గుమ్మంల ఎయ్యాలె" అంది. నా మొహం అలా ఉంది మరి. పిల్లవాణ్ణి చూడగానే ఆమె మాట ఆగిపోయింది. అమాంతం ఎత్తుకుని లోపలికి పరుగెత్తింది. మేం ముగ్గురం బయట నేల మీద కూర్చున్నాం. ఎంతసేపు కూర్చున్నామో చెప్పలేను. లోపలినుంచి బొంగురు గొంతుతో ఒక ఏడుపు వినిపించింది. ఎవరి ఏడుపైనా అంత తియ్యగా ఉంటుందని అంతకు ముందు నాకు తెలియదు. డాక్టరుగారు బయటికి వచ్చి, నాని ఉబ్బిన చింతగింజను తండ్రి అరచేతిలో పెట్టారు. "ఇంకొంచెం ఆలస్యమైతే నేను చేసేది ఏమీ ఉండేది కాదు" అని మాత్రం అన్నారు.

మర్నాడు వర్క్‌షాపులో మిస్త్రీ డబ్బా విప్పి గుడ్డను వేళ్లతో తడిమి చూశాడు. మామను తిడతాడని భయపడ్డాను. తిట్టాడు కూడా, తనివితీరా. తర్వాత తనే గిన్నెలో నూనె తెచ్చి, మామ కాళ్లు ఒళ్లో పెట్టుకుని రాస్తూ కూర్చున్నాడు. సేటు సంగతంతా విన్నాడు. వారం తర్వాత ఆ కుటుంబాన్ని కిరాయి లేకుండా ఇంట్లో దించి రమ్మని, కారులో బొగ్గు తనే దగ్గరుండి పోయించాడు.

పోతూ పోతూ ఆ మగ్గాల ఊళ్లో ఆపాను. చేతులూపుకుంటూ వెళ్లలేక, నేను కప్పుకునే దుప్పటే ఉతికించి మడతపెట్టి తీసుకెళ్లాను. బజారులో కొందామంటే దొరికితే కదా! నేతగాడు దాన్ని చూసి నవ్వాడు.

"సాలోని ఇంటికి దుప్పటి తెచ్చినోన్ని నిన్నే సూసిన తమ్మీ. నువ్వేం కప్పుకుంటవు? తీస్కపో."

ఎంత బతిమాలినా తీసుకోలేదు. తెగిన పడుగు పోగు పోగూ అతికి, మిగిలిన నూలుతో నేయగలిగినంత నేశారట. కోసిన భాగం కోసినట్టే పోయింది. ఎంతవరకు వచ్చిందక్కా అని అడిగాను. ఆమె లోపలికి వెళ్లి తెచ్చి అరుగు మీద పరిచింది. పెద్దవాళ్లకు మోకాళ్ల దాకా వస్తుందేమో. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆమె మాత్రం నన్ను చూడడం లేదు. తల్లి చంకలోంచి పిల్లవాణ్ణి అందుకుని, ఆ దుప్పటి మీద పడుకోబెట్టి, రెండు కొసలూ వాడి మీద కప్పింది. వాడు కాళ్లు తన్నుకుంటూ గట్టిగా నవ్వాడు. గొంతులో ఏ ఈలా లేదు.

"సూడు, గీనికైతే కాళ్ల కిందికెల్లి గూడ మిగిలింది" అంది ఆమె. "మాదేముంది తమ్మీ, మేం జర కాళ్లు ముడుసుకొని పండుకుంటం."